చెయ్యి ఎంతవరకు?

ఈ వారం మా మేనకోడలికి తోడుగా ఫిజియోథెరపీకి వెళ్ళాను. తనకి సిజేరియన్ అయి ఏడాది కావస్తోంది. బొడ్డుకి కుడిపక్క, కాస్త కిందగా, ఎప్పుడూ ఒకే చోట నొప్పి. పిల్లాణ్ణి ఎత్తుకున్నా, మంచం మీంచి లేచినా కలుక్కుమంటుంది. స్కానింగులన్నీ నార్మల్. గ్యాస్ బిళ్ళలు మింగింది, కారం మానేసింది. ఆఖరికి "నాకేదో పెద్ద జబ్బే ఉందత్తా, ఎవరూ చెప్పట్లేదు" అనేదాకా వచ్చింది.

ఫిజియో అమ్మాయి కాగితాలన్నీ ఓపిగ్గా చదివి పక్కన పెట్టి, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించండి" అంది. చూపించిన చోటే తన వేలు నొక్కి పట్టుకుని, "చేతులు ఛాతీ మీద కట్టుకోండి. ఇప్పుడు తలా భుజాలూ మెల్లగా పైకెత్తండి" అంది. ఎత్తీ ఎత్తకముందే మా పిల్ల "అమ్మా!" అని అరిచింది.

"లోపల పేగుల్లో నొప్పయితే, పొట్ట కండరం బిగుసుకోగానే నా వేలి ఒత్తిడి అక్కడిదాకా పోదు. నొప్పి తగ్గాలి. మీకు పెరిగింది. స్కానింగులు కూడా బాగున్నాయి కాబట్టి, ఇది లోపలిది కాదమ్మా, పైన కండరాలదీ పొరలదీ."

అర నిమిషం పట్టిందేమో. ఫిలడెల్ఫియాలో కార్నెట్ అనే సర్జన్ 1926లో రాసిపెట్టిన పరీక్ష ఇది. నూరేళ్ళ నాటిది, పైసా ఖర్చు లేనిది. మా పిల్ల తిరిగిన చోట్ల ఒక్కరంటే ఒక్కరు చేసి చూడలేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా పాత పాట తెలుసు. రోగి ఒంటిమీద చెయ్యి వెయ్యకుండా చీటీ రాసే వైద్యం నాకు సరిపడదు. ఆ గదిలో కూర్చుని ఈ వారం కూడా అదే రాయాలనుకున్నాను.

అయితే నొప్పి పొట్టలో కాక ఛాతీలో ఉంటే, ముందు చెయ్యి వెయ్యమనే నా మాట వరస మారాలి. ముందు ఈసీజీ, ఆ తర్వాతే వేలు. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట మృదులాస్థి వాచి నొప్పి పెట్టడం చాలామందికి ఉండేదే. దగ్గీ దగ్గీ పక్కటెముకల మధ్య కండరాలు పట్టేయడమూ అంతే. నొక్కితే నొప్పి పుడుతుంది, గట్టిగా గాలి పీల్చినా పుడుతుంది. అయితే నొక్కితే నొప్పిగా ఉంది కదా, గుండె జబ్బు కాదులే అని ఇంట్లో ఎవరికి వారు తేల్చుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. చెమట, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి, ఆడవాళ్ళలోనైతే ఒక్కోసారి ఉత్త నీరసం, వాంతి వచ్చినట్టుండడం: వీటిలో ఏది కనిపించినా పరుగెత్తాల్సింది ఆస్పత్రికే. గుండె సంగతి తేలాక ఫిజియోకి చాలా పనుంది. బైపాస్ అయినవాళ్ళని దిండు గుండెకి హత్తుకుని దగ్గమనేదీ, మూడు బంతుల పరికరంతో గాలి పీల్చడం నేర్పేదీ వాళ్ళే.

మళ్ళీ పొట్ట దగ్గరికి వస్తాను. మా తమ్ముడు ఇంట్లోనే పుట్టాడు. పురిటి గదిలో అమ్మ పొట్టకి అమ్మమ్మ కట్టు కట్టడం నాకు బాగా గుర్తు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీర, నిలువునా మడతలు పెట్టి, కింద నుంచి పైకి చుట్టేది. చివర ముడి వెయ్యకుండా లోపలికి దోపేది, ముడి పడుకుంటే ఒత్తుకుంటుందని. వేణ్ణీళ్ళ స్నానం, కాయం ముద్ద, పత్యం సరే. వాటన్నిటికన్నా నా చెవుల్లో ఉండిపోయింది ఆవిడ గద్దింపు: "వెల్లకిలా పడుకుని అలాగే లేస్తావేమే? ఒత్తిగిలి, చెయ్యి ఆనించి లే!" అమ్మ మర్చిపోయి తిన్నగా లేవబోయిందంటే పెరట్లో ఉన్నా ఎలా కనిపెట్టేదో, అక్కణ్ణుంచే కేకేసేది. చీర కట్టు వదులైతే మళ్ళీ మొదటినుంచీ చుట్టేది, విసుక్కోకుండా.

కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మధ్య నిలువుగా ఉండే రెండు కండరాలూ పక్కలకి జరుగుతాయి. కాన్పు అయ్యాక చాలామందికి అవి వాటంతటవే దగ్గరికొస్తాయి, కొందరికి రావు. తిన్నగా లేస్తే ఆ సందు మీద బరువు పడుతుంది. అమ్మమ్మకి ఈ శరీరశాస్త్రం ఎవరూ చెప్పలేదు, అయినా చేయించిన పని సరైనదే. అలాగని ఆవిడ పద్ధతులన్నీ వెనకేసుకు రాను. అమ్మని వారాల తరబడి మంచం దిగనివ్వలేదు. ఇవాళ సిజేరియన్ అయినవాళ్ళని సైతం మర్నాటికల్లా నడిపిస్తున్నారు. అదే మంచిది.

సిజేరియన్‌లో సాధారణంగా ఆ కండరాలని కొయ్యరు, పక్కకి జరుపుతారు. వాటిని కప్పి ఉంచే గట్టి పొరని కోసి, తిరిగి కుడతారు. ఆ పొరలోంచి సన్నని నరాలు చర్మంలోకి వస్తాయి. ఎక్కడైనా నరం ఇరుక్కుంటే నెలల తరబడి సూదితో పొడిచినట్టుంటుంది. అలాంటప్పుడు వ్యాయామం ఒక్కటే చాలదు, ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చే డాక్టర్ దగ్గరికి పంపాలి. మంచి ఫిజియో తనే పంపుతుంది.

మా పిల్లకి అంత అవసరం పడలేదు. ఆ అమ్మాయి మచ్చ చుట్టూ, నొప్పి ఉన్న చోటా వేళ్ళతో కాసేపు మర్దన చేసింది. మా పిల్ల మొహం తేటపడింది. "ఎంత హాయిగా ఉందో మేడమ్, రోజూ వచ్చి చేయించుకుంటాను" అంది. "రోజూ వద్దమ్మా" అంది ఆ అమ్మాయి. "నేను చేస్తే సాయంత్రం దాకా ఉంటుంది, మీరు చేస్తే నిలుస్తుంది. రెండు వారాలాగి రండి."

నాకు మొదట నచ్చలేదు. అంత మంచి చెయ్యి, ఇంకాసేపు వేస్తే ఏం పోయింది? కానీ తర్వాత ఆమె నేర్పినవి చూశాను. మోకాళ్ళు మడిచి పడుకుని, పక్కటెముకలు పక్కలకి విచ్చుకునేలా గాలి పీల్చడం. వదులుతూ పొత్తికడుపుని మెల్లగా లోపలికి లాక్కోవడం, ఊపిరి బిగబట్టకుండా. పిల్లాణ్ణి ఎత్తే క్షణంలో గాలి వదలడం. ఒత్తిగిలి లేవడం. మా పిల్ల అన్నిటికీ ఊపిరి బిగబట్టేస్తోంది, ఏడాదిగా ఆ పొట్టని కాపాడుకుంటూ బతికింది కదా. ఆమె చెయ్యి చెయ్యాల్సిన పని అప్పటికే చేసేసింది: నొప్పి ఎక్కడిదో కనిపెట్టింది, లోపల పుండేదీ లేదని నమ్మించింది. ఇంకా అక్కడే ఉంటే ఆ పొట్ట తన బలం మీద తను నిలబడదు. రోజూ వెళ్ళి కరెంటు పెట్టించుకుని, వ్యాయామం చెయ్యకుండా వచ్చేవాళ్ళకి జరిగేది అదే. ఇన్నేళ్ళుగా చెయ్యి వెయ్యమని అడుగుతున్న నేను, ఇకనుంచి ఎప్పుడు తియ్యాలో తెలిసిన చెయ్యి కావాలంటాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలో మరే రాష్ట్రంలోనూ అంత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. ఇన్ని పొట్టలు కోసి కుడుతున్నాం. ఇంటికి పంపేరోజు బిడ్డ టీకాల కార్డు చేతికిస్తారు, కుట్లు ఎప్పుడు చూపించాలో చెబుతారు. తల్లి ఎలా లేవాలో, ఎలా దగ్గాలో, ఏ వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే మనిషి నేను చూసిన వార్డుల్లో కనపడలేదు. పావుగంట పని. సిజేరియన్ అయిన ప్రతి తల్లి మంచం దగ్గరికీ డిశ్చార్జికి ముందు ఒక ఫిజియోథెరపిస్టు రావాలి, ఆరు వారాలకి మరోసారి చూడాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ దీనికి జీవో ఇవ్వాలని అడుగుతున్నాను.