చట్టం చెప్పే మాతృభాష

మన రాజ్యాంగంలో 'మాతృభాష' అనే మాట తరచుగా కనిపించదు. కనిపించే ఆ కొద్ది చోట్లనూ పక్కపక్కన పెట్టి చదివితే భాషాశాస్త్ర విద్యార్థికి ఒక చిక్కు ఎదురవుతుంది. హిందీలోగాని ఇంగ్లీషులోగాని తన భావాన్ని తగినంతగా చెప్పుకోలేని పార్లమెంటు సభ్యుడు సభాధ్యక్షుని అనుమతితో తన మాతృభాషలో ప్రసంగించవచ్చునని 120వ అధికరణం అంటుంది. రాష్ట్ర శాసనసభల విషయంలో 210వ అధికరణం ఇటువంటి సౌకర్యాన్నే కల్పించింది. అంటే అక్కడ మాతృభాష మనిషి మనసు విప్పి మాట్లాడగల భాష. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ అర్థం నిలవలేదు.

పిల్లల సంగతి 350-ఎ అధికరణంలో ఉంది. రాష్ట్రాల పునర్విభజన జరిగిన 1956లో ఏడవ సవరణ దీన్ని చేర్చింది. భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరగడానికి తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని దాని సారాంశం. సరిహద్దులకు ఆవల మిగిలిన మనవంటివారికి ఇదే ఆధారం. అయితే మాతృభాష అంటే ఏమిటో అందులో చెప్పలేదు.

ఆ అర్థం తేలింది కర్ణాటక వ్యాజ్యంలో. ఒకటి నుంచి నాలుగు తరగతుల వరకు బోధన మాతృభాషలోగాని కన్నడంలోగాని జరగాలని ఆ రాష్ట్రం 1994లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ తగువు 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో ముగిసింది. బిడ్డకు సుఖంగా తోచే భాషే మాతృభాష అన్న వాదాన్ని ధర్మాసనం అంగీకరించలేదు. రాజ్యాంగ సందర్భంలో మాతృభాష అంటే ఆ రాష్ట్రంలోని అల్పసంఖ్యాక వర్గం భాష అనీ, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించవలసింది తల్లిదండ్రులు లేక సంరక్షకులనీ చెప్పింది. ప్రభుత్వం మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధించరాదని కూడా తేల్చింది.

తీర్పు ఫలితంతో మాకు పేచీ లేదు. బిడ్డకు ఏది సుఖమో అధికారి తేల్చే పద్ధతే వచ్చివుంటే, వీధిలో కన్నడం ధారాళంగా మాట్లాడే ప్రతి కోలారు తెలుగు పిల్లవాణ్ణీ "నీకు కన్నడమే సుఖం" అని పంపించివేయడం ఎంతో తేలిక. ఆ ప్రమాదం తప్పింది. మా అభ్యంతరమల్లా నిర్వచనంలో బిడ్డ మాట లేకపోవడమే. వర్గానికి ఒక పేరు దక్కింది, తల్లిదండ్రులకు ఒక హక్కు దక్కింది. బిడ్డ నోట ఉన్న తెలుగు ఎవరి లెక్కలోకీ రాలేదు. చట్టసభ సభ్యునికి ఇచ్చిన మన్నన ఆరేళ్ళవాడికి ఇవ్వలేదన్నమాట!

ఇది మాటల తగాదా కాదు. హోసూరు పక్క పల్లెలో పిల్లవాడు "వస్తా ఉండాడు" అంటాడు. బరంపురంలో "ఏటి చేస్తన్నావు" వినిపిస్తుంది. తెలంగాణ నుంచి షోలాపురం చేరిన పద్మశాలీల ఇళ్ళలో "ఏం జేస్తున్నవ్" అంటారు. వాచకంలో ఉండేది "వస్తున్నాడు", "ఏమి చేస్తున్నావు". బడిలో అడుగుపెట్టిన మొదటివారమే పిల్లవాడు తన తెలుగు తప్పని తెలుసుకుంటాడు. ఇటువంటి దిద్దుబాటు శ్రీకాకుళంలోనూ ఉంది, కాదనము. కాని అక్కడి పిల్లవాడికి తప్పించుకుపోయేందుకు పక్కన మరో భాష లేదు. హోసూరు పిల్లవాడికి తమిళం ఉంది, ఇప్పుడు ఇంగ్లీషూ ఉంది. తల్లిదండ్రులకు దక్కిన నిర్ణయాధికారం అక్కడ ఏ వైపు మొగ్గుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2020 జాతీయ విద్యావిధానం ఈ చిక్కును మరొక మెలిక తిప్పింది. బోధనా మాధ్యమం గురించి చెబుతూ ఇంటి భాష, మాతృభాష, స్థానిక భాష, ప్రాంతీయ భాష అనే నాలుగు మాటలను అడ్డగీతలతో కలిపి రాసింది, ఒకే సరుకును నాలుగు పొట్లాలు కట్టినట్టు. విజయవాడలో నాలుగూ ఒకటే కావచ్చు. హోసూరులో మొదటి రెండూ తెలుగు, చివరిది తమిళం, మూడోది వీధిని బట్టి ఉంటుంది. తమిళనాడు ఆ విధానాన్ని అంగీకరించలేదు గాని, ఆ అడ్డగీతలోని అస్పష్టత బాగా తెలిసేది ఇటువంటి చోటనే. తమిళనాడు సొంత చట్టం ఈ విషయంలో స్పష్టమైనది. 2006 నాటి చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చింది. ఆ మొదటి జట్టు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చేసరికి అల్పసంఖ్యాక పాఠశాలల విద్యార్థులు కోర్టు మినహాయింపుల మీద ఆధారపడవలసి వచ్చింది. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన మినహాయింపు సైతం ఒక్క ఏడాదికే. తమిళం వద్దని అక్కడి తెలుగువారు అనరు. తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ తెలుగు కుటుంబాల దక్షిణాది వలసను 'గోపల్ల గ్రామం' పేరిట తమిళ నవలగానే రాశారు. ఆ వరసలోని 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన మాతృభాష ఏదని అడిగితే ధర్మాసనం నిర్వచనం ఒక జవాబు చెబుతుంది, అది తోసిపుచ్చిన నిర్వచనం మరొకటి చెబుతుంది. రెండూ సగం సగమే.

జనగణన వారి నిర్వచనం వీటన్నిటికంటె పాతది, మా దృష్టిలో మెరుగైనది. చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష అని వారు రాసుకున్నారు. 2011లో ఆ ప్రశ్నకు తమిళనాడులో 42 లక్షల పైచిలుకు, కర్ణాటకలో 35 లక్షల పైచిలుకు మంది లెక్క తెలుగు కింద చేరింది. కర్ణాటక, మహారాష్ట్రల వడ్డెరలు చెప్పిన 'వడరి' కూడా ఆ పట్టికల్లో తెలుగు కిందనే ఉంది. వచ్చే జనగణనకు 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీ అని 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. వడ్డెర కుటుంబాలవారు 'వడరి' అని చెబితే తెలుగు సంఖ్య తగ్గిపోతుందని బెంగపడేవారు మనలో ఉన్నారు. పాత పట్టికలను ఒకసారి తిరగేయమని వారిని కోరుతున్నాము.