సింహాసనం కింది రాయి

సాహసాన్ని చిత్రించడం తేలిక. ఆ సాహసం ఎందుకు అవసరమైందో చెప్పడం కష్టం. మొదటిదాంతో సరిపెట్టుకున్న రచయిత పాఠకుణ్ణి కాసేపు ఊపిరి బిగపట్టి కూర్చోబెట్టగలడు. రెండోదాన్ని కూడా పట్టుకున్నవాడు అతన్ని ఆలోచింపజేయగలడు. 2008లో వచ్చిన ‘స్టోన్ ఆఫ్ డెస్టినీ’ చిత్రాన్ని ఈ దృష్టితో పరిశీలించదలచుకున్నాను. చార్లెస్ మార్టిన్ స్మిత్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఆధారం, ఇయాన్ హామిల్టన్ తన అనుభవం మీద తానే రాసిన పుస్తకం. జాతి ఆత్మగౌరవాన్ని వస్తువుగా తీసుకునే రచయితలకు ఇందులో నేర్చుకోవలసిందీ ఉంది, జాగ్రత్తపడవలసిందీ ఉంది.

ముందు చరిత్ర చూద్దాం. స్కాట్లండ్ రాజుల పట్టాభిషేకానికి వాడే ఇసుకరాయి ఒకటి స్కూన్ అనే చోట ఉండేది. బరువు సుమారు 152 కిలోలు. చెక్కడపు సొంపేమీ లేని మొరటు దిమ్మ. 1296లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లండ్ మీద దండెత్తి దాన్ని ఎత్తుకుపోయాడు. వెస్ట్‌మినిస్టర్ అబ్బీలో ఒక కొయ్య సింహాసనం చేయించి, కూర్చునే పీట కింద దాన్ని అమర్చాడు. ఇందులో భావం దాచుకున్నదేమీ కాదు. ఇంగ్లండు రాజు గద్దెనెక్కినప్పుడల్లా స్కాట్లండ్ అతని కింద ఉండాలి.

1950 క్రిస్మస్ నాడు తెల్లవారకముందే హామిల్టన్, గావిన్ వెర్నన్, అలన్ స్టూవర్ట్, కే మాథెసన్ అనే నలుగురు గ్లాస్గో యువతీయువకులు ఆ రాయిని అక్కణ్ణించి తీసుకుపోయారు. లాగుతుండగా అది రెండు ముక్కలైంది. ప్రభుత్వం ఇంగ్లండు, స్కాట్లండ్ల మధ్య సరిహద్దును మూయించి వాహనాలు సోదా చేయించింది. అయినా రాయి ఉత్తరానికి చేరింది. 1951 ఏప్రిల్ 11న ఆర్బ్రోత్ మఠం శిథిలాల్లో, స్కాట్లండ్ జెండా కప్పుకుని బయటపడింది.

ఈ ఇతివృత్తాన్ని చిత్రించడంలో దర్శకుడు చూపిన నిగ్రహాన్ని ముందుగా మెచ్చుకోవాలి. 1995లో వచ్చిన ‘బ్రేవ్‌హార్ట్’ చూసినవాళ్ళకి స్కాట్లండ్ జాతీయత అంటే కత్తులు, కేకలు, నెత్తురు. ఇక్కడ అవేమీ లేవు. చలికి వణికే కుర్రాళ్ళు, పాత కార్లు, చాలని డబ్బు, అడుగడుగునా జరిగే పొరపాట్లు ఉన్నాయి. చార్లీ కాక్స్ నటించిన హామిల్టన్ వీరుడి ఫోజు పెట్టడు. భయపడతాడు, భయాన్ని దాచుకోవడానికి ఎక్కువగా మాట్లాడతాడు. పోలీసు దగ్గరకు వస్తుంటే హామిల్టనూ కే ప్రేమికుల్లా నటించే సన్నివేశంలో నవ్వూ గుబులూ కలిసే ఉన్నాయి. సాహసికులు సామాన్యులే అన్న సత్యాన్ని ఉపన్యాసం లేకుండా చెప్పడం చిన్న విషయం కాదు.

అయితే నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఈ నలుగురూ సామాన్యులే. మరి మిగతా సామాన్యులు ఎక్కడ?

1949లో జాన్ మెకార్మిక్ నాయకత్వాన స్కాట్లండుకు సొంత శాసనసభ కావాలని ఒక ప్రతిజ్ఞాపత్రం మీద సంతకాల ఉద్యమం నడిచింది. సుమారు 50 లక్షల జనాభా ఉన్న దేశంలో దాదాపు 20 లక్షల సంతకాలు పడ్డాయి. లండన్‌లో అధికారంలో ఉన్నది లేబర్ ప్రభుత్వం. కార్మికుల పేరు చెప్పుకుని గద్దెనెక్కిన ఆ ప్రభుత్వం ఇన్ని లక్షలమంది కోరికను పక్కన పెట్టేసింది. హామిల్టన్ మనసులో రాజుకున్న నిప్పుకు కారణం ఇది. రాబర్ట్ కార్లైల్ మెకార్మిక్ పాత్రను హుందాగా పోషించాడు. కాని చిత్రంలో ఆ ఉద్యమం పని కథానాయకుడికి నిరాశ కలిగించడం వరకే. సంతకాలు పెట్టినవాళ్ళు ఓడిపోయారు, తెగించిన నలుగురు గెలిచారు అన్న భావం ప్రేక్షకుడి మనసులో మిగులుతుంది.

ఇది చరిత్రకు అన్యాయం. కళకు కూడా నష్టం. ఒక ఇసుకరాయి కనిపించకపోతే సరిహద్దు మూయించవలసినంత కంగారు ప్రభుత్వానికి ఎందుకు పుట్టింది? ఆ నలుగురి వెనుక 20 లక్షలమంది నిలబడి ఉన్నారని దానికి తెలుసు. తర్వాత పోలీసులు వీళ్ళను గుర్తించినా కేసు పెట్టలేదు. అటార్నీ జనరల్ హార్ట్‌లీ షాక్రాస్ పార్లమెంటులో వీళ్ళను తూలనాడుతూనే విచారణ వద్దన్నాడు. విచారణ జరిగితే బోనెక్కేది ఎవరు? ఆ రాయి ఎవరిది, అక్కడికి ఎలా వచ్చింది అన్న ప్రశ్న లేచేది. ఆరున్నర శతాబ్దాల కిందటి దొంగతనం ముందు, నిన్నటి దొంగతనం వెలవెలపోయేది. ఉద్యమం ఓడిపోయాక సాహసం పుట్టలేదు; ఉద్యమం ఉంది కనుకనే ఆ సాహసానికి అర్థం వచ్చింది. చిత్రం ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది.

వినోదం కోసం తీసిన సినిమా నెత్తిన ఇంత బరువు ఎందుకు పెడతావని ఎవరైనా అడగవచ్చు. ఆ బరువు నేను పెట్టింది కాదు. ఆత్మగౌరవం అన్న మాటను చిత్రమే ఎత్తుకుంది. ఎత్తుకున్న మాటకు జవాబు చెప్పుకోక తప్పదు.

రాయి విరిగిన ఘట్టం సంగతి చూడండి. చిత్రంలో అది ఒక ప్రమాదం, ఉత్కంఠకు ఇంకో మెట్టు. నాకు మాత్రం కథకు గుండెకాయ అక్కడే కనిపిస్తుంది. పవిత్రమనుకున్న వస్తువు చేతిలో రెండు ముక్కలైనప్పుడు, తాము వచ్చింది రాయి కోసమా, అది గుర్తుచేసే హక్కు కోసమా అని ఆ యువకులు తేల్చుకోవాలి. ఆ ముక్కల్ని అతికించినవాడు గ్లాస్గోకు చెందిన రాతిపనివాడు బెర్టీ గ్రే. రాజుల రాయిని మళ్ళీ నిలబెట్టింది ఒక పనివాడి ఉలి. ఇంతకంటే మంచి ప్రతీక ఏ రచయితకు దొరుకుతుంది? చిత్రం దాన్ని కేంద్రానికి తెచ్చుకోలేకపోయింది. ఓడలు కట్టే క్లైడ్ నది ఒడ్డు గ్లాస్గోది. ఆ నగరపు శ్రామికజీవితం ఈ కథలోకి తొంగిచూడకపోవడం యాదృచ్ఛికం కాదు. ఇది దృక్పథానికి సంబంధించిన లోపం.

రాయిని ఆర్బ్రోత్‌లోనే ఎందుకు ఉంచారు? 1320లో స్కాట్లండ్ ప్రభువులు పోపుకు పంపిన లేఖ ఆ పేరుతోనే ప్రసిద్ధం. తమ రాజే ఇంగ్లండుకు లొంగిపోతే, అతన్ని వెళ్ళగొట్టి వేరొకణ్ణి రాజు చేసుకుంటామని వాళ్ళు అందులో ప్రకటించారు. రాజు కంటే దేశం పెద్దదన్న మాట అది. అయితే ఆ లేఖ మీది ముద్రలు ప్రభువులవి, రైతులవి కావు. 1949 నాటి 20 లక్షల సంతకాలు ఆ ఖాళీని పూరించాయి. ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన నిలిపితే చిత్రానికి లోతు వచ్చేది.

మరొక మౌనం మనకు బాగా తగులుతుంది. చిత్రంలో స్కాట్లండ్ కేవలం బాధితురాలు. కాని హామిల్టన్ చదివిన గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే అంతకు చాలాముందు థామస్ మన్రో చదివాడు. దత్తమండలాల పాలెగాళ్ళను అణచి కంపెనీకి శిస్తు కట్టుదిట్టం చేసిన మన్రోను సీమవాసులకు పరిచయం చేయనక్కరలేదు. 1849లో పంజాబును కలిపేసుకుని, పదేళ్ళ దులీప్ సింగ్ చేత కోహినూరును విక్టోరియాకు అప్పగింపజేసిన డల్‌హౌసీ స్కాట్లండ్ ప్రభువే. మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే ఆ వజ్రం కథా, ఈ ఇసుకరాయి కథా ఒకే కిరీటం దగ్గర కలుస్తాయి. ఈ చిత్రం కోహినూరు గురించి చెప్పాలని నేను అడగడంలేదు. తన రాయి పోయిందని బాధపడే జాతి, తన ప్రభువులు ఇతరుల దగ్గర దోచినదాన్ని కూడా తలచుకుంటే దాని ఆత్మగౌరవం ఇంకా గట్టిపడుతుందని మాత్రమే అంటున్నాను. ప్రభువుల జాతీయతకూ ప్రజల జాతీయతకూ తేడా అక్కడే తెలుస్తుంది.

చిత్రం ఆర్బ్రోత్ దగ్గర సంతృప్తిగా ముగుస్తుంది. చరిత్ర అక్కడ ఆగలేదు. లండన్‌కు తిరిగివెళ్ళిన రాయి మీదనే 1953లో ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగింది. 1996లో జాన్ మేజర్ కన్సర్వేటివ్ ప్రభుత్వం రాయిని స్కాట్లండుకు పంపించింది. పట్టాభిషేకాలప్పుడు లండన్‌కు తేవాలన్న షరతుతోనే. శాసనసభ అడిగిన ప్రజలకు రాయిని ఇచ్చారు. ప్రజలు మోసపోలేదు. 1997 ఎన్నికల్లో ఆ పార్టీకి స్కాట్లండులో ఒక్క స్థానం కూడా దక్కలేదు. అదే ఏడు ప్రజాభిప్రాయ సేకరణలో నెగ్గి, 1999లో తమ శాసనసభను ఏర్పరచుకున్నారు. 2014లో పూర్తి స్వాతంత్ర్యం ప్రశ్నకు 55 శాతం కాదన్నారు. 2022లో హామిల్టన్ కన్నుమూశాడు. 2023 మేలో మూడవ చార్లెస్ పట్టాభిషేకానికి రాయి మళ్ళీ లండన్ వెళ్ళి, సింహాసనం కింద దూరి వచ్చింది. 2024 నుంచి స్కూన్ పక్కనే ఉన్న పెర్త్ నగరపు మ్యూజియంలో ఉంది.

ఏడు శతాబ్దాల తర్వాత కూడా రాయి పని రాజును మోయడమే. శాసనసభను తెచ్చుకున్నది మాత్రం సంతకాలు పెట్టిన చేతులూ, ఓట్లు వేసిన చేతులూ. నలుగురు యువకుల తెగువ ఆ చేతులకు ధైర్యం ఇచ్చింది. దాని విలువ అంతా అక్కడే ఉంది. చిత్రం ఆ తెగువను ప్రేమగా చూపించింది, అందుకు చూడవలసిందే. ఆ చేతుల్ని చూపించే పని మిగిలిపోయింది. అది ముందుగా రచయితలు చేయవలసిన పని.