కర్ర చివర రెండు త్వరణాలు

కర్రసాము చూడవచ్చినవాళ్లు చప్పట్లు కొట్టేది కర్ర కంటికి ఆననంత జోరుగా తిరిగినప్పుడు. నేర్పే గురువు చూపు మాత్రం ఆ జోరు మారే చోట ఉంటుంది: ఎక్కడ అందుకున్నాడు, ఎక్కడ తగ్గించాడు, ఎక్కడ ఆపాడు. నా ఓటు గురువుకే. ఒకే వేగంతో తిరిగే కర్రలో విద్య తక్కువ.

ఈ విద్యకు తెలుగు, తమిళ సరిహద్దు అడ్డు కాదు. తిరుత్తణినే చూడండి, అది 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దు సవరణతో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. ఇప్పుడు తిరువళ్లూరు జిల్లా. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. తమిళనాట పొంగల్ పండుగకూ, గుడి ఊరేగింపులకూ సిలంబం అనే కర్రసాము ఆడటం మామూలే. మన గరిడీల్లో నేర్పే కర్రసాముకూ దానికీ తేడాలు ఎన్నున్నా, తిరిగే కర్ర పాటించే సూత్రాలు రెండుచోట్లా ఒక్కటే.

ఆడేవాడి నుదుటి ఎత్తు వెదురు కర్ర తీసుకోండి, సుమారు 1.6 మీటర్లు. నడిమికి పట్టుకుని సెకనుకు రెండు చుట్లు తిప్పితే కొన వేగం సెకనుకు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. వేగం మారకపోయినా దిశ క్షణక్షణం మారుతోంది కాబట్టి త్వరణం ఉన్నట్టే. అది కేంద్రం వైపు, అంటే పిడికిలి వైపు ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అభికేంద్ర త్వరణం. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. ఈ లెక్కను 1673లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ తన గడియారాల గ్రంథం చివర అచ్చువేశాడు. మన కర్ర కొన దగ్గర అది గురుత్వ త్వరణానికి దాదాపు 13 రెట్లు. సెకనుకు మూడు చుట్లయితే 29 రెట్లు. కర్ర కొనకు తొడిగిన చిన్న తొడుగు కూడా సరిగా బిగించకపోతే ఎందుకు ఊడిపోతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కాలేజీ పాఠం తరచుగా ఇక్కడే ఆగిపోతుంది. సాములో వేగం ఎప్పుడూ నిలకడగా ఉండదు. వేగం పెరిగినా తగ్గినా, కొన పోయే దారి వెంట ఇంకో త్వరణం పుడుతుంది: స్పర్శరేఖీయ త్వరణం. పెరిగేటప్పుడు అది ముందుకు, తగ్గేటప్పుడు వెనక్కి. ఈ రెండూ కలిసిన అసలు త్వరణం నేరుగా కేంద్రం వైపు ఉండదు, ఓ పక్కకు ఒరుగుతుంది.

ఎంత ఒరుగుతుందన్నదే రుచికరమైన లెక్క. ఆగి ఉన్న కర్రను సమంగా జోరు పెంచుతూ తిప్పామనుకోండి. మొదటి క్షణంలో అభికేంద్ర త్వరణం సున్నా. ఉన్నదంతా దారి వెంటే. కర్ర ముప్పై డిగ్రీలు కూడా తిరగకముందే రెండూ సమానమవుతాయి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి కేంద్రం వైపు త్వరణం రెండోదానికి పన్నెండున్నర రెట్లు. కర్ర పొడవు ఎంతైనా, ఆడేది పిల్లవాడైనా పహిల్వానైనా, ఈ నిష్పత్తి మారదు. ఆడేవాడి కండబలం జోరును పెంచగలదు గాని ఈ వరసను మార్చలేదు.

ఆపడం దగ్గర కథ తిరగబడుతుంది. సెకనుకు రెండు చుట్ల జోరును సెకనులో పదోవంతులో ఆపాలంటే, దారి వెంట వెనక్కి పట్టే త్వరణం గురుత్వానికి పది రెట్లు కావాలి. అదే కర్రను అర సెకనులో రెండు చుట్ల నుంచి మూడు చుట్లకు ఎక్కించడానికి కావలసింది ఒక్క రెట్టే. పెంచడం కన్నా ఎదుటివాడి ముఖం ముందు నిలపడం ఎంత కష్టమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

పట్టు సంగతీ ఉంది. నడిమి పట్టులో రెండు సగాలు చేతిని చెరో వైపు లాగుతాయి, ఒకదాని లాగుడు మరోదానితో సరిపోతుంది. కొసను పట్టుకుంటే అలా సరిపోయే భాగం లేదు. అర కిలో కర్ర సెకనుకు రెండు చుట్లు తిరుగుతూ చేతిని ఆరు కిలోలకు పైగా బరువు లాగినట్టు లాగుతుంది. పైగా జోరు మార్చడానికి నాలుగు రెట్ల మెలితిప్పు బలం కావాలి. కొస పట్టులో కర్ర దూరం అందుకుంటుంది, నిజమే. ఆ దూరానికి మణికట్టు కట్టే సుంకం ఇది. రెండు కొసలకూ గుడ్డ చుట్టి నూనెలో ముంచి నిప్పంటిస్తే, బరువు కేంద్రానికి దూరంగా చేరి ఆ సుంకం ఇంకా పెరుగుతుంది. అప్పుడు రాలే నిప్పురవ్వలను గమనించండి: అవి కేంద్రం నుంచి సూటిగా బయటికి చిమ్మవు, వదిలిన చోట కొన ఏ దిక్కుకు పోతోందో ఆ దిక్కుకే పోతాయి. ముందు వరసలో ఎవరు కూర్చోకూడదో తేల్చేది ఈ సంగతే.

2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చారు. పాయింట్లు, నిబంధనలు వచ్చాక వేగానికే మోజు పెరుగుతుందేమోనని నా అనుమానం. పాత పద్ధతిలో కర్ర చేతికివ్వక ముందు అడుగులే నేర్పుతారు. కుర్రాళ్లకు అది విసుగు. కానీ నడిమికి పట్టిన కర్ర ఒకే వేగంతో తిరుగుతున్నంతసేపు పాదాలకు దాదాపు పనిలేదు, గాలి నిరోధాన్ని ఓర్చుకుంటే చాలు. జోరు మార్చిన క్షణంలో చేయి కర్రను ఎటు తిప్పితే, కర్ర ఒంటిని దానికి ఎదురు దిక్కుకు తిప్పజూస్తుంది. ఆ మెలిని నడుము, మోకాలు దాటించి నేలకు అప్పగించేది పాదమే. కొత్తవాడు కర్ర వెనక్కి తిప్పబోయి తాను తూలేది సరిగ్గా అప్పుడే.