సైడు కవరులోకి చెమ్మ రానివ్వని పనితనం

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ బండికి దుమ్మే శత్రువు, నీళ్లతో పనేముందని చాలామంది అనుకుంటారు. మంచి మెకానిక్ అలా అనుకోడు. నెలల తరబడి ఎండిపోయిన వంక ఒక్క సాయంత్రపు వానకే మోకాలిలోతు పారుతుంది. కుందూ నది గట్టు నల్లరేగడిలో చక్రం దిగబడితే బురద ఇంజను దాకా వస్తుంది. ఇక 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద, 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన రోజు ఈ సీమ మరిచిపోలేనివి.

పొలానికీ అడవికీ తిరిగే మోటారు సైకిల్లో ఇంజను పక్కనుండే మూత సైడు కవరు. చాలా బళ్లకు ఎడమ వైపుది మాగ్నెట్ కవరు. దాని లోపల కరెంటు పుట్టించే తీగచుట్టలు, వాటి చుట్టూ తిరిగే అయస్కాంతపు చక్రం ఉంటాయి. కొన్ని బళ్లలో ఆ చక్రం పొడిగా తిరుగుతుంది, కొన్నిట్లో నూనెలో. పొడిగదిలోకి చెమ్మ చేరితే తుప్పు, వైర్ల అతుకుల మీద పచ్చని చిలుము. నూనెలోకి చేరితే నూనె పాలు పోసిన టీలా తెల్లబడుతుంది. ఆ నూనె బేరింగులను కాపాడలేదు.

నీళ్లను లోపలికి లాగేది ఇంజనే. మూసిన గదిలోని గాలి 90 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లబడితే ఒత్తిడి ఆరో వంతు పడిపోతుంది. వేడి ఇంజను వంకలో దిగగానే జరిగేది ఇదే. ఆ వెలితి పూడ్చుకోవడానికి ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీటిని పీలుస్తుంది. అందుకే కవరును బిర్రుగా మూసినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంజను ఊపిరి తీసుకునే దారిని పొడిచోటుకు మళ్లించాలి. పనివాడి తెలివి అక్కడే తెలుస్తుంది.

ఆ చేతులను దగ్గర నుంచి చూడండి. విప్పిన బోల్టులను డబ్బాలో కలిపెయ్యడు. కవరు ఆకారం గీసిన అట్టముక్కలో, ఏ బోల్టు ఏ చోటిదో ఆ చోటనే గుచ్చుతాడు. పొట్టి బోల్టు రంధ్రంలోకి పొడుగుది వెళితే తల కవరును నొక్కదు, అల్యూమినియం మర కూడా పాడవుతుంది. కవరుకూ ఇంజనుకూ మధ్య ఉండే పాత ప్యాకింగును బ్లేడు పడుకోబెట్టి గీకుతాడు. బ్లేడు నిలబెడితే గీత పడుతుంది, ఆ గీతే రేపు నీటికి కాలువ. తర్వాత అద్దంపలక మీద ఎమరీ కాగితం పరిచి, కవరు అంచును దాని మీద తిప్పుతాడు. మెరవని చోటు ఉందంటే అక్కడ పల్లం ఉన్నట్టు.

కొత్త ప్యాకింగు దొరకని పాత బండికి ప్యాకింగు షీటును కవరు మీద పరిచి, అంచు వెంట సుత్తి గుండుతో మెల్లగా తడుతూ చేత్తోనే కత్తిరించే పెద్దలు ఇంకా ఉన్నారు. బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తారు. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకు సుమారు పది న్యూటన్ మీటర్ల బిగువు చాలని వాళ్ల మణికట్టుకే తెలుసు.

వైర్లు బయటికొచ్చే రబ్బరు దగ్గర మెకానిక్ అన్నిటికంటే ఎక్కువసేపు ఆగుతాడు. నీరు వైరు వెంటే పాకుతుంది కాబట్టి, వైర్ల నడుమ కూడా సిలికాన్ పేస్టు పూస్తాడు. ఆ పేస్టు గాలిలోని తేమ తీసుకునే గట్టిపడుతుంది. మే నెల పొడిగాలిలో ఇక్కడ అది ఆలస్యంగా ఆరుతుంది. ఆ సంగతి తెలిసినవాడు బండిని వెంటనే ఇవ్వడు.

చివరగా ఇంజను ఊపిరి తీసుకునే బ్రీదర్ పైపు. దాన్ని ట్యాంకు కిందికి, ఎత్తుకు తీసుకెళ్లి కడతాడు. పొడి కవరుకు అడుగున చిన్న కన్నం ఉంటే దాన్ని మూయడు. లోపల చేరిన చుక్క జారిపోవడానికి ఉన్న దారి అది.

ఈ పనికి కూలి తక్కువ, గుర్తింపు అంతకన్నా తక్కువ. బండి ఇచ్చే మనం చేయగలిగినవి రెండున్నాయి. వేడి ఇంజను మీద ప్రెషర్ వాష్ కొట్టించకండి, వైరు రబ్బరు వైపు అసలే వద్దు. పేస్టు ఆరాలి, రేపు రమ్మని మెకానిక్ చెబితే తొందర పెట్టకండి, రేపే వెళ్లండి.