నందివర్ధనానికి అద్దం కుదరదు

ఈ వారం చూసిన పిల్లల లెక్కల పుస్తకంలోనూ సౌష్ఠవం పాఠం మొదట్లో అదే సీతాకోకచిలుక, దాని నడుమ మడతకు అదే చుక్కల గీత. ఈ బొమ్మతో నాకు చాన్నాళ్లుగా పేచీ. పై తరగతుల్లో భ్రమణ సౌష్ఠవమూ చెబుతారు, కాదనను. అప్పటికే సౌష్ఠవమంటే ఎడమా కుడీ ఒకేలా ఉండటమని పిల్లల మనసులో నాటుకుపోతుంది. గణితం అడిగేది మరో ప్రశ్న: ఈ ఆకారాన్ని ఏం చేస్తే, చేసిన ఆనవాలు మిగలదు? ముగ్గుకు 7 చుక్కల నుంచి 4 వచ్చేదాకా సందు చుక్కలు పెట్టి చూడండి. మొత్తం 37 చుక్కలు, ఆరు మూలలు. 60 డిగ్రీలు తిప్పినా తిప్పినట్టు తెలియదు. కదపకుండా వదిలెయ్యడంతో కలిపి ఆరు తిప్పుళ్లు, ఆరు అద్దాలు, వెరసి 12. ఇక ముద్దది కాకుండా ఒంటి నందివర్ధనం తీసుకోండి. ఐదు రేకులూ ఒకే వైపుకు మెలితిరిగి గాలిపంకాలా ఉంటాయి. ఐదో వంతు తిప్పితే పువ్వు మళ్లీ అదే. అద్దంలో మాత్రం మెలిక ఎదురు తిరుగుతుంది. మడత పాఠాన్ని నమ్ముకుంటే ఇంత పొందికైన పువ్వుకు సౌష్ఠవమే లేదనాలి!

లెక్కపెట్టడం వల్ల ఒరిగేదేమిటని అడగొచ్చు. ఏది సాధ్యమో, ఏది కాదో ఆ లెక్కే చెబుతుంది. ఒకే నమూనా అన్ని వైపులా క్రమం తప్పకుండా పరుచుకోవాలంటే అందులో ఐదో వంతు తిప్పుడుకు చోటుండదు. చీర మీదైనా గోడ మీదైనా అలాంటి అల్లికలు సౌష్ఠవం లెక్కన 17 రకాలేనని ఫెదరోవ్ 1891లో నిరూపించాడు. ప్రకృతి నియమాలు నిన్నా నేడూ ఒకటే అన్న సౌష్ఠవం నుంచే శక్తి నిత్యత్వం పుడుతుందని ఎమీ నోథర్ 1918లో చూపింది.

మరి గుండె ఎడమకు, కాలేయం కుడికి ఉన్నాయే, ప్రకృతికి సౌష్ఠవం పట్టింపు నిజంగా ఉందా అన్నది గట్టి అభ్యంతరం. అవన్నీ చిన్న చిన్న లోపాలని కొట్టిపారేసే జవాబు నాకు నచ్చదు. ఎడమ కుడి తేడా ఎంత లోతుకు వెళ్తుందో చూడండి. 1848లో పాతికేళ్ల లూయీ పాశ్చర్ టార్టారిక్ ఆమ్ల లవణం ఒకదాన్ని పరిశీలించాడు. దాని స్ఫటికాలు రెండు రకాలు, ఒకటి మరొకదానికి అద్దంలో బింబం. ఓపిగ్గా ఒక్కొక్కటే చేత్తో ఏరి రెండు కుప్పలు పోశాడు. నీళ్లలో కరిగిస్తే ఒక కుప్ప ధ్రువిత కాంతిని కుడికి తిప్పింది, మరొకటి ఎడమకు. సమంగా కలిపితే ఏ ప్రభావమూ లేదు. బయట స్ఫటికంలో కనబడిన ఎడమ కుడి తేడా లోపల అణువులోనే ఉందన్న మాట. 1957లో కోబాల్ట్-60తో చియెన్-షియుంగ్ వూ చేసిన ప్రయోగంలో పరమాణు కేంద్రకమే ఎడమకూ కుడికీ తేడా చూపించింది. అంటే అద్దంతో ఎక్కువ తెలిసేది ఆకారం దానికి కుదిరినప్పుడు కాదు, కుదరనప్పుడు. నేను ఇన్నాళ్లూ చిన్నచూపు చూసిన ఆ మడత గీతే పరీక్షల్లోకెల్లా పదునైనది. మన ఒంట్లో ప్రోటీన్లు కట్టే అమైనో ఆమ్లాలు దాదాపు అన్నీ ఎడమచేతివే. కుడివి ఎందుకు కాలేదన్న ప్రశ్న ఇంకా తేలలేదు. అద్దం ముందు పెట్టి చూసేదాకా అసలు ఆ ప్రశ్నే పుట్టదు.