ఎమోజీ వెనకాలే వచ్చిన గోండీ 'య'

రాయ్‌పూర్ దాటి బిలాస్‌పూర్ రోడ్డెక్కితే సిల్తారా. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలు, లారీలు, హిందీ బోర్డులు. గోండీ మాట్లాడే జనం లక్షల్లో ఉన్న రాష్ట్రమే అయినా, ఇక్కడ డీటీపీ చేసుకుంటూ ఈ కాలమ్ రాసే మనిషికి గోండీ లిపి మాత్రం బోర్డు మీద కాదు, కంప్యూటర్ తెర మీదే ఎదురైంది. అదీ ముందు ఖాళీ డబ్బాలుగా!

2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాష అన్నవాళ్లు దాదాపు 30 లక్షలు. ఛత్తీస్‌గఢ్‌లో దాన్ని దేవనాగరిలో రాస్తారు, ఆదిలాబాద్ వైపు తెలుగు లిపిలో. సొంత లిపులూ ఉన్నాయి, ఒకటి కాదు రెండు. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్‌సింగ్ మసారామ్ 1918లో తయారుచేసింది ఒకటి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల్లోది రెండోది. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం చొరవతో అది 2006లో బయటి లోకానికి తెలిసింది. కంప్యూటర్ల కోసం ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యునికోడ్‌లోకి మసారామ్ లిపి 2017లో, గుంజాల లిపి 2018లో చేరాయి.

సుమత్రా దీవిలో కథ వేరు. అక్కడి బతక్ భాషలన్నిటికీ కలిపి 2010లో యునికోడ్ ఒకే పట్టిక ఇచ్చింది. ప్రాంతాన్ని బట్టి రూపం మారిన అక్షరాలకు మాత్రం విడివిడిగా నంబర్లు పడ్డాయి: దక్షిణాది 'త' 7126, ఉత్తరాది 'త' 7127. గోండీకి ఆ సర్దుబాటు కుదరదు. రెండు లిపులకూ పోలికే లేదు కాబట్టి రెండు పట్టికలు ఇవ్వడమే సబబు.

గుంజాల వర్ణమాలలో హల్లులు 'క'తో కాదు, 'య'తో మొదలవుతాయి. యునికోడ్ కూడా ఆ వరసనే ఉంచింది. తెలుగు 'య' నంబరు 3119. గుంజాల 'య'ది 73068. చిక్కంతా ఇక్కడే ఉంది. మొదటి 65,536 నంబర్ల లోపు ఉన్న అక్షరాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచడానికి మూడు బైట్లు చాలు. బతక్, తెలుగు ఆ లోపలే ఉన్నాయి. ఆ హద్దు దాటితే నాలుగు కావాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 'యూటీఎఫ్8' అని పేరు పెట్టుకున్న పాత సెట్టింగు మూడు బైట్లకు మించి తీసుకోదు. గోండీ 'య' వచ్చిందంటే ఎర్రర్ చూపిస్తుంది, లేదంటే అక్కడి నుంచి వాక్యాన్ని తెగ్గోస్తుంది, లేదా దాని చోట ప్రశ్నార్థకం పెడుతుంది. నాలుగు బైట్లు పట్టే 'యూటీఎఫ్8ఎంబీ4' 2010లోనే వచ్చినా, చాలామంది పాతదాన్ని కదపలేదు.

వాళ్లను కదిలించింది ఎమోజీ. కళ్లనీళ్లు వచ్చేలా నవ్వే ఆ పసుపు ముఖం నంబరు 128514, అంటే దానికీ నాలుగు బైట్లే. జనం కామెంట్లలో నవ్వు ముఖాలు పెడుతుంటే సైట్లు మొరాయించాయి, ప్రోగ్రామర్లు సెట్టింగులు మార్చక తప్పలేదు. గోండీ కోసం ఎవరూ అంత హడావిడి పడేవాళ్లు కాదు, ఇది ఒప్పుకోవాల్సిందే. నవ్వు ముఖానికి తీసిన దారిలోనే గోండీ అక్షరమూ నడిచి వచ్చింది.

డబ్బాల సంగతి తేలికే. గూగుల్ ఉచితంగా ఇచ్చే నోటో ఫాంట్లలో రెండు గోండీ లిపులూ ఉన్నాయి, ఎక్కించుకుంటే అక్షరం కనపడుతుంది. అయితే కనపడినంత మాత్రాన దాచినట్టు కాదు. గోండీలో పిల్లల పేర్లో, ఊళ్ల పేర్లో డేటాబేస్‌లోకి ఎక్కించేవాళ్లు ముందుగా ఒక్క 'య' కొట్టి, సేవ్ చేసి, మూసేసి మళ్లీ తెరిచి చూడాలి. అది మాయమైనా, దాని స్థానంలో ప్రశ్నార్థకం కనిపించినా ఫాంటును తిట్టి లాభం లేదు, సెట్టింగు మార్చుకోవాలి.