మోడల్ సరిపోయిందా? శేషాలను అడగాలి

క్యాన్సర్ పరిశోధనలు చదివేవాళ్లకు కాక్స్ మోడల్ తరచూ ఎదురవుతుంది. 1972లో బ్రిటిష్ గణాంకవేత్త డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. వయసు, చికిత్స, జబ్బు తీవ్రత మరణ ప్రమాదాన్ని ఎన్ని రెట్లు పెంచుతాయో, తగ్గిస్తాయో లెక్కగడుతుంది. అయితే దానికో షరతుంది. ఆ రెట్లు మొదటి రోజు ఎంతో, ఏడాది తర్వాతా అంతే ఉండాలి. షరతు తప్పినా కంప్యూటర్ ఆగదు, అంకెలు ఇచ్చేస్తుంది. అందుకే మోడల్ వేసే సాఫ్ట్‌వేర్ కంటే, వేసిన మోడల్‌ను నిలదీసే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లంటే నాకు ఎక్కువ గౌరవం.

నిలదీయడం శేషాలతో మొదలవుతుంది. ఒక రోగి చనిపోయాడనుకుందాం. ఆ రోజుకు పరిశీలనలో ఉన్నవాళ్లందరినీ లెక్కలోకి తీసుకుని, చనిపోయే మనిషి వయసు సగటున ఎంత ఉండాలో మోడల్ అంచనా వేస్తుంది. చనిపోయిన మనిషి అసలు వయసులోంచి ఆ అంచనాను తీసేస్తే మిగిలేది షోన్‌ఫెల్డ్ శేషం. ఇది 1982 నాటి ఆలోచన. షరతు నిలిస్తే శేషాలు కాలం పొడవునా సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. వాలు కనిపిస్తే ప్రభావం కాలంతో మారుతోందన్నమాట. ఈ శేషాలను తగినట్టు సవరిస్తే, మారుతున్న ప్రభావం ఆకారమే దాదాపుగా బయటపడుతుందని 1994లో ప్యాట్రీషియా గ్రాంబ్ష్, టెర్రీ థెర్నో చూపించారు. మేయో క్లినిక్‌లో పనిచేసిన థెర్నో రాసిన 'సర్వైవల్' ప్యాకేజీలో ఇప్పుడది ఒక్క ఆదేశం. ఆర్ భాష వాడే ఎవరికైనా ఉచితం.

అమెరికా మాజీ సైనికుల్లో 137 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల డేటా ఈ రంగంలో అందరికీ పరిచయమే. అందులో కర్నోఫ్‌స్కీ స్కోరు ఉంటుంది. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో చూసి 100కి వేసే మార్కు అది. మార్కు ఎక్కువైతే ప్రమాదం తక్కువని మోడల్ మొత్తం కాలానికి ఒకే అంకె ఇస్తుంది. శేషాల గీత మాత్రం వేరే సంగతి చెబుతుంది. మొదటి నెలల్లో ప్రభావం బలంగా ఉండి, క్రమంగా కరిగి, ఆరు నెలలు దాటేసరికి దాదాపు ఏమీ మిగలదు. చేరిన రోజు వేసిన మార్కు అప్పటికి పాతబడిపోయింది! వార్డులో తిరిగే నర్సుకు తట్టే ఈ సంగతి మోడల్ ఇచ్చిన ఒక్క అంకెలో ఎక్కడా కనిపించదు.

శేషాల్లో కనిపించిన వాలు నిజమైనదా, యాదృచ్ఛికమా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. దాని వెనకున్న గణితం మనవాడిది. తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్. రావు 1948లో ఇచ్చిన స్కోర్ పరీక్షే దీనికి ఆధారం. ప్రభావం కాలంతో మారుతుందనే కొత్త పదాన్ని కలిపి మోడల్‌ను మళ్లీ కట్టకుండానే, అది కలిపితే ఉపయోగం ఉంటుందో లేదో చెప్పేస్తుంది. 'సర్వైవల్' మూడో వెర్షన్‌లో పాత ఉజ్జాయింపు పోయి, పూర్తి స్కోర్ పరీక్ష వచ్చింది.

మరి పరీక్షించే సాఫ్ట్‌వేర్‌ను ఎవరు పరీక్షించాలి? థెర్నో, గ్రాంబ్ష్ 2000లో తెచ్చిన పుస్తకంలో చిన్న చిన్న డేటాలకు చేత్తో కట్టిన లెక్కలున్నాయి. ఒకే రోజు ఇద్దరు చనిపోతే ఏం చేయాలన్న చిక్కుతో సహా. ప్రోగ్రామ్ జవాబు వాటితో సరిపోవాలి. ఆ తర్వాత కృత్రిమ డేటా తయారుచేసి షరతును కావాలనే తప్పించి చూస్తారు, పట్టుకుంటుందా అని. షరతు నిలిచిన డేటా మీదా నడుపుతారు. 5 శాతం హద్దు పెట్టుకుంటే, అబద్ధపు హెచ్చరికలు నూటికి ఐదు దగ్గరే ఉండాలి.

ఇంత చేసినా పరీక్ష ఇచ్చే పి-విలువ, అంటే షరతు నిలిచి ఉంటే ఇంత వాలు యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం, ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. రోగులు వేలల్లో ఉంటే పట్టించుకోనక్కర్లేని వాలుకూ అది గంట కొడుతుంది. పాతిక మందే ఉంటే పెద్ద వాలునూ వదిలేస్తుంది. వాలు ఎంతుందో, ఏ నెలలో మొదలైందో గ్రాఫే చూపాలి. ఇలాంటి ప్యాకేజీ రాసేవాళ్లు పి-విలువతో పాటు ఆ గీతను కూడా అడగకుండానే ముందు పెట్టాలని నా కోరిక.